దుంగ కొట్టిన రోజే చివర్లకు పూత వేయాలి

సంపాదకులకు,

దర్వాజలకని, మంచాలకని పొలం గట్ల మీది టేకు, వేప, నల్లతుమ్మ చెట్లు కొట్టించే రైతులు దుంగల్ని అలాగే చేలో వదిలేస్తున్నారు. టేకునైతే రవాణా పర్మిట్ వచ్చేదాకా కదిలించడానికి వీల్లేదు. ఈలోగా ఎండకు కోత ముఖం నెర్రెలు బారుతుంది. కోతమిల్లుకు చేరేసరికి రెండు చివర్లా జానెడేసి తీసి పారేయాల్సి వస్తుంది. ఏడడుగుల నిలువుకని కొట్టించిన దుంగలో ఆరడుగులు కూడా మిగలవు.

చెట్టులో నీరు ఎక్కే సన్నటి గొట్టాలన్నీ కోసిన చోట నోళ్లు తెరుచుకుని ఉంటాయి. అందుకే పక్కల కంటే చివర్ల నుంచి తేమ పది, పదిహేను రెట్లు వేగంగా పోతుంది. చెక్కలో తేమ సుమారు 30 శాతం కంటే తగ్గితే కుంచించుకోవడం మొదలవుతుంది. చివర ఆ స్థాయికి ఎండినా నాలుగంగుళాల లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది. లోపలిది తగ్గదు, బయటిది తగ్గక మానదు. అక్కడే చీలుతుంది. పూత వేసేది ఆ దారి మూసి, తేమను పక్కల నుంచి నెమ్మదిగా పోనివ్వడానికి. కాబట్టి చివర అంచు చుట్టూ సన్నటి పట్టీ తప్ప బెరడు మీద, పక్కల మీద పూయకూడదు.

పేడ అలకడం పాత అలవాటే. తడి ఉన్నంతసేపే అది పనిచేస్తుంది, ఎండి పెచ్చులూడితే పూసినా పూయనట్టే. వేరే దారి లేకపోతే మన్ను కలిపి మందంగా అలికి, గోనె కప్పి రోజూ తడపాలి. నాలుగు రోజులు గడపడానికి అది చాలు.

అన్నిటికంటే మేలు మైనం. మూడడుగుల చుట్టుకొలత దుంగ రెండు ముఖాలకూ మిల్లీమీటరు మందాన పూసి, అంచు దాటి పక్కకు రెండంగుళాలు పట్టీలా వేస్తే సుమారు 200 గ్రాములు పడుతుంది. ఆ పట్టీ తప్పనిసరి, అంచు దగ్గరే మొదటి నెర్రె పుడుతుంది. కొమ్మలు నరికిన మొండేలకూ పూయాలి. మైనం డబ్బాను నేరుగా మంట మీద పెట్టొద్దు, మరిగే నీళ్ల గిన్నెలో పెట్టి కరిగించాలి. అంటుకుంటే మూత వేసి ఆర్పాలి, నీళ్లు పోస్తే మంట ఎగసిపడుతుంది. ముఖం మీది చెమ్మ, రంపపు పొట్టు తుడిచి, మైనం బాగా వేడిగా ఉన్నప్పుడే బ్రష్‌తో పూయాలి. చల్లారుతున్న మైనం పైపైనే గడ్డకట్టి పెచ్చులుగా ఊడుతుంది. పూసిన దుంగ నీడలో ఉండాలి, మే నెల ఎండ నేరుగా పడితే మైనం మెత్తబడి జారుతుంది.

మైనం దొరక్కపోతే మిగిలిపోయిన ఎనామిల్ పెయింట్ రెండు మూడు పూతలు వేయొచ్చు. ఫెవికాల్ అంతకంటే తక్కువ రకం, ఏమీ లేకపోవడం కంటే నయం. తారు గట్టిగా ఆపుతుంది గానీ రంపానికి అంటుకుని మిల్లువాళ్ల చేత తిట్టిస్తుంది.

ఏది పూసినా కోసిన రోజే పూయాలి, ఎండాకాలమైతే గంటల్లోనే. నెర్రె పడ్డాక పూస్తే అది మూసుకోదు. అప్పుడు చివర నుంచి పలచటి బిళ్ల కోసి చేత్తో వంచి చూడాలి. పుటుక్కున విరిగితే కంటికి కనపడని నెర్రె ఇంకా ఉన్నట్టు. గట్టి చెక్క తగిలేదాకా కోసుకుంటూ పోయి, ఆ కొత్త ముఖానికి పూయాలి. కొట్టించేటప్పుడే రెండు వైపులా అరడుగు ఎక్కువ ఉంచుకోవడం ఇందుకే.

పూతతో అన్నీ ఆగవు. చెక్క వలయాల వెంట కుంచించుకునేది, బెరడు నుంచి నడిమికి కుంచించుకునే దానికి దాదాపు రెట్టింపు. కాబట్టి గుండ్రటి దుంగను అలాగే ఆరబెడితే బెరడు నుంచి నడిమి బెండు దాకా ఒక పెద్ద చీలిక రావడం ఖాయం. వీలైనంత త్వరగా బెండు మీదుగా రెండుగా కోయించి, ఆ ముక్కల చివర్లకు మళ్లీ పూసి, నేలకు అడుగెత్తున బద్దల మీద పేర్చాలి. జామాయిల్ సంగతి వేరు. అది పెరుగుదలలో బిగుసుకున్న ఒత్తిడి వల్ల కోస్తుండగానే చీలుతుంది, దానికి మైనం మందు కాదు. మామిడి, పొణికి వంటి తెల్ల చెక్కలను పూత పూసి బెరడుతోనే నిలవుంచితే నల్లమచ్చ పడుతుంది, పురుగు కూడా చేరుతుంది. వాటిని వెంటనే పలకలు కోయించడమే మంచిది.

చెట్టు కొట్టడానికి అనుమతి కాగితం ఇచ్చేటప్పుడే, పర్మిట్ వచ్చేలోగా చివర్లకు పూత వేసుకోవాలని అటవీ శాఖ రైతులకు ఒక చీటీ ముద్రించి ఇవ్వాలని కోరుతున్నాం. టింబర్ డిపోల్లో వేలానికి దుంగలు పేర్చేచోట కూడా ఈ పని జరగాలి.

– కొందరు వడ్రంగులు, కోతమిల్లు పనివాళ్లు, నిర్మల్ జిల్లా