మందు కొట్టేముందు ఆకు తిప్పి చూడండి

సంపాదకులకు,

బెంగళూరు మిద్దెతోటల్లో మిరపాకు ముడుచుకుంటే చాలు, పురుగేదో చూడకుండానే ఇమిడాక్లోప్రిడ్ కొట్టమని సలహా ఇస్తున్నారు. అది పేనుబంక, పచ్చదోమల్లాంటి రసం పీల్చే పురుగుల మందు. మొక్కల నల్లికి (మైట్; మంచాల్లో ఉండే నల్లి కాదు, సాలీడు జాతి జీవి) పనిచేయదు. పైగా నల్లిని తినే మిత్రపురుగులు చచ్చి నల్లి ఇంకా పెరుగుతుంది.

ఆకు అంచులు పైకి లేచి పడవలా ఉంటే తామర పురుగును (త్రిప్స్) అనుమానించాలి. కిందికి ముడిచి, కాడ సాగి, ఆకు గిడసబారితే తెల్లనల్లిని. రెండూ ఒకే మొక్క మీద ఉండొచ్చు, వైరస్ తెగులుకీ ఆకు ముడుస్తుంది. కాబట్టి ముడత చూసి తేల్చేయకూడదు.

లేత కొమ్మను తెల్లకాగితం మీద నాలుగైదుసార్లు తట్టండి. మిల్లీమీటరు పొడవున, సన్నగా, చకచకా పాకేవి తామర పురుగులు. పొట్ట ఉబ్బి, వెనక రెండు చిన్న గొట్టాలతో నిదానంగా కదిలేది పేనుబంక. ఆకు అడుగున అది విడిచిన తెల్ల కుబుసాలను చూసి తెల్లదోమ అని పొరబడతారు. తెల్లదోమైతే కొమ్మ కదపగానే లేస్తుంది.

పూలనూ తట్టి చూడాలి. 2021లో తెలుగు రాష్ట్రాల మిరపను ముంచిన నల్ల తామర పురుగు పూలలోనే గుంపుగా చేరుతుంది. మన దేశంలో దాన్ని మొదట గుర్తించింది బెంగళూరులోనే, 2015లో, బొప్పాయి మీద.

తెల్లనల్లి 0.2 మిల్లీమీటర్లే, కాగితం మీద దొరకదు. కొన ఆకు అడుగున, ఈనె పక్కన 20 రెట్ల భూతద్దంతో వెతకాలి. అద్దాన్ని కంటికి ఆనించి, ఆకును దగ్గరికి తేవాలి. చాలామంది అద్దాన్ని ఆకు దగ్గర పెట్టి ఏమీ లేదంటారు. నల్లి కంటే గుడ్డు గుర్తుపట్టడం తేలిక: కోలగా, పారదర్శకంగా, పైన వరసగా తెల్లటి బొడిపెలతో ఉంటుంది. కాళ్లు లెక్కపెట్టి నిర్ణయించకండి. నల్లికి ఎనిమిదే గానీ, గుడ్డులోంచి అప్పుడే వచ్చిన పిల్లకు ఆరే. మీసాలు చూడండి. పురుగుకు ఉంటాయి, నల్లికి ఉండవు.

నల్లి అని తేలితే నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు, ఎండ తగ్గాక, ఆకు అడుగు తడిసేలా కొట్టాలి. వేపనూనె కొట్టిన రెండు వారాల్లోపు గంధకం వాడితే ఆకు మాడుతుంది.

మీ వ్యవసాయ పేజీలో పురుగు ఫొటో వేసినప్పుడల్లా అసలు సైజు మిల్లీమీటర్లలో, మొక్క మీద ఎక్కడ వెతకాలో కూడా దయచేసి వేయండి. అరచేతి వెడల్పు బొమ్మ చూసినవాళ్లు అంత పురుగు కోసం వెతికి, లేదనుకుని వదిలేస్తున్నారు.

ఇట్లు,
మిద్దెతోటల పెంపకందారులు,
మారతహళ్లి, బెంగళూరు