పిన్ను పక్కన తెల్లమచ్చ

కావలి,
ఆదివారం రాత్రి

బుజ్జమ్మకు,

నాయన దీవెనలు. నువ్వు స్టట్‌గార్ట్ నుంచి పంపిన నీ విల్లు వీడియో చూశాను, అందులో మెటల్‌కు మార్చాలనుకున్న ప్లాస్టిక్కు భాగాల లిస్టు కూడా చదివాను. ఫోన్లో చెబుదామంటే నీకు క్లాసు టైమ్, నాకు లేతు మోత. ఇది నిదానంగా చదువుకోవాల్సిన సంగతి, అందుకే ఉత్తరం రాస్తున్నా.

ముందు అమ్మ విషయం. ఆడపిల్లకు బాణాలేంటని రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు తెచ్చింది విల్లుతోనే కదా అని నచ్చజెప్పాను. నువ్వు క్లబ్బులోనే వేస్తావనీ, పక్కన నేర్పేవాళ్ళు ఉంటారనీ చెప్పాను. నా మాట నిలబెట్టు.

ఇక నీ విల్లు. వీడియో ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. మూరెడు పొడవు లేని చిన్న క్రాస్‌బో, అంటే తుపాకీలా ట్రిగ్గరు నొక్కి వదిలే అడ్డవిల్లు, పైన ఆరు బాణాలు పట్టే డబ్బా. పిడి విరిచి, అంటే పిన్ను దగ్గర మడిచి, మళ్ళీ మూస్తే నారి వెనక్కి వచ్చి కొక్కేనికి చిక్కుకుంటోంది, పైనుంచి స్ప్రింగు ఒక బాణాన్ని కిందికి దించుతోంది. చేసినవాడికి దండం పెట్టొచ్చు. పదకొండో సెకను దగ్గర నువ్వు పిడి విరిచినప్పుడు ఆపి, వేళ్ళతో పెద్దది చేసి చూశాను. ఎడమవైపు పిన్ను దూరే చెవి ఉంది చూడు, అక్కడ నల్ల ప్లాస్టిక్కు మీద వడ్లగింజంత తెల్లమచ్చ ఉంది. నువ్వది గీత అనుకొని ఉంటావు. గీత కాదమ్మా. ప్లాస్టిక్కు మోయలేని బరువుతో సాగుతున్నప్పుడు లోపల నలిగి అట్లా తెల్లబడుతుంది. ప్లాస్టిక్కు బకెట్టు చెవి తెగబోయే ముందు ఎట్లా తెల్లగా అవుతుందో చిన్నప్పుడు నీకే చూపించాను. ఆ చెవి మార్చేదాకా పిడి మళ్ళీ విరవొద్దు, ఒక్కసారి కూడా. మిగతా ఉత్తరం తర్వాత చదివినా సరే, ఇది మాత్రం ఇప్పుడే విను.

నీ లిస్టులో తొమ్మిది భాగాలున్నాయి. అన్నీ మెటల్‌కు మార్చాలని రాశావు. నా లెక్కలో మార్చాల్సినవి రెండే. ఎందుకో చెప్పే ముందు నా తప్పు ఒకటి చెప్పాలి. నీకు ఇంతవరకూ చెప్పలేదు.

నువ్వు ఏడో తరగతిలో ఉన్నప్పుడు అల్లూరు వైపు నుంచి ఒక రొయ్యల రైతు వచ్చేవాడు. గుంట నీళ్ళకు గాలి కలిపే ఆయన ఏరేటర్లలో గేర్ బాక్సుకూ చక్రాల షాఫ్టుకూ మధ్య కప్లింగులో రబ్బరు ముక్క ఉండేది. రెండు మూడు నెలలకోసారి అరిగిపోయేది. ప్రతిసారీ దీనికి తిరగలేకపోతున్నాను, ఇనుముతో గట్టిగా చేసిపెట్టు అన్నాడు. చేశాను. ఎం.ఎస్. అనే మామూలు ఇనుము రాడ్డు లేతు మీద తిప్పి, షాఫ్టు కీ కూర్చునే గాడి కొట్టి, గట్టి కప్లింగు బిగించాను. నలభై రోజులు బ్రహ్మాండంగా నడిచింది. ఆ తర్వాత ఒక రాత్రి చక్రానికి వల ముక్క చుట్టుకుంది. రబ్బరు ఉండి ఉంటే అదే చిరిగి ఊరుకునేది, వంద రూపాయలతో పోయేది. ఇనుము చిరగదు కదా. దెబ్బంతా లోపలికి పోయి గేరు పళ్ళు రాలిపోయాయి. గుంటలో ఆక్సిజన్ తెల్లారుజామునే బాగా పడిపోతుంది. మూడు గంటలకు ఏరేటర్ ఆగితే నాలుగున్నరకల్లా రొయ్య పైకి తేలింది. పొద్దున నేను పోయేసరికి గట్టు పొడుగునా ఎర్రబడిన రొయ్యలు. సగం పైగా పోయింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. నీ కప్లింగు మాత్రం చెక్కు చెదరలేదయ్యా అన్నాడు. ఆ మాట నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

ఒక ముక్కను గట్టిగా చేసినంత మాత్రాన దాని మీద పడే బరువు ఎక్కడికీ పోదు. పక్కనున్న ముక్క మీదికి జరుగుతుంది. లిస్టు ముందు పెట్టుకున్నప్పుడు నువ్వు అడగాల్సింది ఏ ముక్క విరుగుతుంది అని ఒక్కటే కాదు. అది విరగకపోతే ఇంకేది విరుగుతుంది, అప్పుడు నీ చెయ్యి ఎక్కడ ఉంటుంది అని కూడా అడగాలి.

నీ విల్లుకు వంగే బద్దల మీద 90 పౌండ్లని రాసుంది, నారిని పూర్తిగా లాగడానికి పట్టే బరువు అది. అంటే సుమారు 41 కేజీలు, యూరియా బస్తా కంటే నాలుగు కేజీలు తక్కువ. పిడికి లివరు బలం ఉంది కాబట్టి నీ చేతికి పది కేజీలే తెలుస్తుంది. పిన్నుకు ఆ వెసులుబాటు లేదు. నారి లాగే బరువూ నీ చెయ్యి నొక్కే బరువూ రెండూ కలిసి దాని మీదే పడతాయి. అందుకే మచ్చ అక్కడ వచ్చింది, ఇంకెక్కడా రాలేదు. ఒక్కో బాణానికి ఒకసారి చొప్పున సాయంత్రానికి వంద సార్లు ఆ చెవి సాగి వెనక్కి వస్తోంది.

కాబట్టి ఆ చెవులున్న బ్రాకెట్టు అల్యూమినియంతో చేయించు. 6061 రకం, టి6 అని వేడిచేసి గట్టిపరిచింది చాలు. 7075 ఇంకా గట్టిది, ఖరీదు ఎక్కువ, ఈ పనికి అక్కర్లేదు. డ్రాయింగులో లోపలి మూలలు సూటిగా గీయొద్దు, కనీసం రెండు మిల్లీమీటర్లు గుండ్రం పెట్టు. పగులు ఎప్పుడూ మూలలోనే పుడుతుంది, ప్లాస్టిక్కుకైనా అల్యూమినియంకైనా. పిన్ను మాత్రం గట్టిపరిచిన స్టీలుదే ఉండాలి. స్టీలు పిన్ను నేరుగా అల్యూమినియంలో తిరిగితే బెజ్జం కోడిగుడ్డు ఆకారంలోకి పోతుంది, మధ్యలో గన్‌మెటల్ బుష్, అంటే కంచులాంటి లోహంతో చేసిన చిన్న గొట్టం, వెయ్యాలి. రెండు అల్యూమినియం ముఖాలు ఒకదాని మీద ఒకటి రుద్దుకోనీయొద్దు, పట్టేసి పీక్కుంటాయి. పలచటి నైలాన్ వాషర్లు పెట్టు. మెటల్ చేస్తున్నాం కదా అని ప్లాస్టిక్కును చులకన చెయ్యొద్దమ్మా. గ్రీజు లేకుండా నునుపుగా జారే గుణం దానిది. ఆ చోట ఏ లోహం దాన్ని మించలేదు.

రెండోది నారిని పట్టుకునే కొక్కెం, ట్రిగ్గరు. దీని దగ్గర నేను ఖండితంగా ఉంటాను. నాయనా నువ్వే చెయ్యి అని అడిగావు. చెయ్యను. చెయ్యలేక కాదు. బాణం ఎక్కి ఉండగా ఆ 41 కేజీలనీ ఆపేది గోరంత అంచు. ఆ అంచు కోణం కాస్త తేడా వచ్చినా, గట్టిదనం కాస్త తక్కువైనా, నువ్వు ట్రిగ్గరు ముట్టకుండానే జారిపోతుంది. కంపెనీవాళ్ళు స్టీలు కొక్కెం అమ్ముతున్నారని లింకు పంపావు కదా, అదే కొనుక్కో, డబ్బు నేను పంపుతా. కొన్నాక ట్రిగ్గరు మెత్తగా రావాలని ఆకురాయి పట్టుకుంటావేమో, ఆ పని నీ చేత్తో చెయ్యొద్దు. క్లబ్బులో ఎవరైనా చేసిస్తామన్నా వద్దను.

కొక్కెం గురించి ఆలోచిస్తుంటే చైనా మట్టి సైనికుల సంగతి గుర్తొచ్చింది. 1974లో షియాన్ దగ్గర రైతులు బావి తవ్వుతుంటే బయటపడ్డాయి చూడు, అవే. 2,200 ఏళ్ళ నాటి ఆ సైన్యం చేతుల్లో క్రాస్‌బోలు ఉండేవి. చెక్క అంతా మన్నైపోయింది, కంచు ట్రిగ్గర్లు మిగిలాయి. అచ్చుపోసిన ముక్కలు, మధ్యలో పిన్నులు, మన బెంచి మీద పెట్టినా ఇదేంటో నేను చెప్పేస్తాను. కంచు చేతిలో ఉండి కూడా ఆ పనివాళ్ళు విల్లంతా కంచుతో చెయ్యలేదు. బరువు ఆగే గుప్పెడంత చోట కంచు పెట్టి, మిగతాదంతా చెక్కతో చేశారు. వరసగా బాణాలు వదిలే మీ రిపీటింగ్ విల్లు కూడా వాళ్ళదేనట. మూడో శతాబ్దపు మంత్రి జూగే ల్యాంగ్ పేరుతో పిలుస్తారు గానీ, అంతకు ఎన్నో వందల ఏళ్ళ ముందటిదే హూబెయ్‌లో ఒక సమాధిలో దొరికింది. సురేఖ పట్టే కాంపౌండ్ విల్లు చూసినా అంతే. మధ్యలో పట్టుకునే ముక్క అల్యూమినియం, వంగే బద్దలు మాత్రం ఫైబరు.

ఇక లిస్టులో మిగతావి. బాణాల డబ్బా అట్లాగే వదిలెయ్. దాని మీద బరువు ఏముంది, స్ప్రింగు తోపుడు తప్ప. నువ్వు వాడే గాజుపీచు కలిసిన నైలాన్ కంటే అల్యూమినియం రెట్టింపు బరువు, స్టీలు ఆరింతలు దగ్గర. పైన బరువు పెరిగితే విల్లు చేతిలో పక్కకు ఒరుగుతుంది. చిన్నదని కదా దీన్ని కొన్నావు. భుజానికి ఆనే వెనక కట్ట, ముందు పిడి, గురి చూసే సైటు బిగించే పట్టా కూడా అక్కర్లేదు, డబ్బు దండగ.

నారి జారే గాడి గురించి మాత్రం కాస్త చెప్పాలి. నువ్వు మూడో తరగతిలో ఉండగా షాపుకొచ్చి లేతు కింద రాలిన అల్యూమినియం చుట్టలు ఏరుకునేదానివి, వెండి రిబ్బన్లని. ఒకరోజు చూపుడువేలు తెగింది. రక్తం చూసి కాదు, రిబ్బను కోసిందని ఏడ్చావు. అంత మెత్తగా కనిపించేది ఎట్లా కోసింది నాయనా అని అడిగావు. ఆ అంచు పేరే బర్. కంటికి కనపడదు. నారి అంటే దారాల కట్ట, మెటల్ గాడిలో బర్ ఉంటే రోజుకు నాలుగు పోగులు కోస్తుంది. నువ్వు చూసేసరికి నారి ఒక్కసారిగా తెగుతుంది. బాణం బరువు లేకుండా బద్దలు విదిలించుకుంటే అవి పగిలి ముఖం మీదికి వస్తాయి. బాణం లేకుండా వట్టి నారి ఎప్పుడూ వదలకూడదనేది కూడా అందుకే. ప్లాస్టిక్కు గాడి నారిని కొయ్యదు, దాన్ని ఉండనీ. ఎప్పుడైనా మెటల్ గాడి పెట్టాల్సి వస్తే, దూది ఉండ తీసుకొని అంచుల మీద మెల్లగా లాగు. ఎక్కడ ఒక్క పోగు పట్టుకున్నా అక్కడ బర్ ఉన్నట్టే. మన షాపులో నారి తగిలే ప్రతి అంచుకూ, వైరు తగిలే ప్రతి అంచుకూ ఇదే పరీక్ష.

బద్దలు కూర్చునే జేబు కూడా మెటల్ అన్నావు. చేయొచ్చు, కానీ గట్టి అంచు ఫైబరు బద్దను నొక్కి నలుపుతుంది. చేస్తే లోపల రబ్బరు పట్టీ తప్పనిసరి. స్క్రూలు విరగ బిగించొద్దు. ప్లాస్టిక్కులో తిప్పినట్టు అల్యూమినియంలో స్క్రూ పదిసార్లు తీసి పెడితే మర పోతుంది, లోపల మర ఉన్న స్టీలు ఇన్సర్టు వేయించు. ఉప్పుగాలి భయం నీకు అక్కడ లేదనుకో. తుమ్మలపెంట బీచి పక్కన బిగించిన సామాన్లలో స్టీలు స్క్రూ చుట్టూ అల్యూమినియం తెల్లపొడిగా రాలిపోవడం నేను రోజూ చూస్తుంటాను. స్టట్‌గార్ట్‌లో నీకు చలి భయం. బాగా ఆరిన నైలాన్ చలిలో పెళుసెక్కుతుంది. శీతాకాలంలో విల్లును బయట షెడ్డులో పెట్టి, తీసీ తీయగానే లాగొద్దు, గదిలో కాసేపు ఉండనీ. నారి ఎక్కుపెట్టి పక్కన పెట్టేయడం కూడా చెయ్యొద్దు. ఆగకుండా బరువు మోస్తే ప్లాస్టిక్కు మెల్లమెల్లగా వంగి అట్లాగే ఉండిపోతుంది.

అన్నిటికన్నా నన్ను భయపెట్టింది నీ లిస్టులో ఆఖరి లైను. మెటల్ అయ్యాక 150 పౌండ్ల బద్దలు వేస్తానని రాశావు. 150 అంటే 68 కేజీలు. బుజ్జమ్మా, అల్లూరు రైతు కప్లింగు కథ అంతా నీకు ఈ లైను కోసమే రాశాను. చెవి మారుస్తావు, కొక్కెం మారుస్తావు. అవి 68 కేజీలను మోయొచ్చు. నారి మోస్తుందా? వెనక కట్టను పట్టుకున్న ప్లాస్టిక్కు మోస్తుందా? మెటల్ చేస్తున్నది 90 ని భద్రంగా మోయడానికి. దాన్ని 150 కి లాగితే, ఎక్కడ మచ్చ వస్తుందో ఈసారి వీడియోలో నాకు కనపడకపోవచ్చు. టార్గెట్ నీకు ఎదురుగా పది పదిహేను మీటర్ల దూరంలోనే ఉంది, 90 కే బాణం సగం దాకా దిగుతోంది, నేనే చూశాను. బద్దలు మార్చొద్దు. ఈ ఒక్క విషయంలో నాతో వాదించొద్దు. కళ్ళద్దాలు లేకుండా కూడా దాన్ని ముట్టొద్దు.

పిన్నూ బుష్‌లూ నేను చేసి పంపుతా. ఈ.ఎన్.24 అనే గట్టి స్టీలు రాడ్డు ముక్క ఒకటి షాపులో ఉంది, గన్‌మెటల్ ఉంది. నాకు కావాల్సింది కొలతలు. పాత పిన్ను తీసి వెర్నియర్‌తో మూడు చోట్ల కొలువు, రెండు చివర్లా, నడుమా. ఒక్కో చోట మూడుసార్లు కొలిచి మూడూ రాసి పంపు, సగటు చేసి పంపొద్దు. అరిగిన చోట ఎంత తక్కువ వచ్చిందో నాకు తెలియాలి. చెవుల మధ్య దూరం కూడా కావాలి. కొత్త బ్రాకెట్టులో బెజ్జం పాత అరిగిన కొలతకు కాదు, కంపెనీ కొలతకు వేయించు.

పక్క వీధి మేస్టారు గారి అబ్బాయి నెలాఖరుకు జర్మనీ వస్తున్నాడు. అమ్మ ఆవకాయ సీసా కడుతోంది, పిన్నులు ఆ పెట్టెలోనే వస్తాయి. కొలతలు బుధవారానికి పంపితే గురువారం రాడ్డు కోస్తాను. ఆ తెల్లమచ్చను దగ్గరగా ఒక ఫొటో తీసి, పక్కన స్కేలు పెట్టి పంపు.

నాయన