మురళికి, కార్తీక్ చూస్తున్న తిండి పోటీల గురించి

ప్రియమైన మురళీ,

నీ ఉత్తరం చేరింది. సెలవులు మొదలైనప్పటి నుంచి మీ అబ్బాయి కార్తీక్ పొద్దస్తమానం తిండి పోటీల వీడియోలే చూస్తున్నాడని, చూడనివ్వాలా వద్దా తేల్చి చెప్పమని అడిగావు. చెల్లెమ్మేమో ఫోను దాచేయమంటోంది. నువ్వేమో తినడమే కదా, తప్పేముందంటున్నావు. మీ ఇద్దరితోనూ సగమే ఏకీభవిస్తాను. మిగతా సగం వివరంగా రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

ముందు అన్నిటినీ ఒకే గాటన కట్టకు. కళ్లకు గంతలు కట్టుకుని, నాలుక మీద పెట్టింది ఏ కూరగాయో కనిపెట్టే పోటీలున్నాయి. మూడే దినుసులతో వంట చేసే పోటీలున్నాయి. అలాంటిది చూశాకే మా అమ్మాయి అంతవరకు ముట్టని బీరకాయ పచ్చడి అన్నంలో కలుపుకుంది. అవి హాయిగా చూడనివ్వు. ఎంత ఎక్కువ తిన్నారు, ఎంత త్వరగా మింగారు, ఎంత కారం ఓర్చుకున్నారు అన్నదాని మీదే గెలుపు ఆధారపడే పోటీలంటేనే నాకు భయం.

ఏ వీడియో చూసినా నేను మొదట ఆలోచించేది ఒకటే. మనం ఇంట్లో లేని పది నిమిషాల్లో, వంటింట్లో చేతికందే వస్తువులతో పిల్లవాడు దీన్ని చేసి చూడగలడా? కొండ అంచున సైకిల్ తొక్కేవాణ్ణి చూసినా కార్తీక్ దగ్గర కొండ లేదు. దాల్చినచెక్క పొడి డబ్బా ఏ అరలో ఉంటుందో మాత్రం వాడికి తెలుసు. చెంచాడు దాల్చినచెక్క పొడిని నీళ్లు లేకుండా మింగే పోటీ ఒకప్పుడు అమెరికా పిల్లల్లో పాకింది. 2012లో మొదటి ఆరు నెలల్లోనే దాల్చినచెక్క విషయమై అక్కడి విష చికిత్సా సమాచార కేంద్రాలకు 178 ఫోన్లు వచ్చాయి. పొడి గొంతులో పడగానే దగ్గు వస్తుంది, దగ్గుతో పాటు ఊపిరి లోపలికి లాగుతాం, పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందులోని పీచు అక్కడ కరగదు. పాయసంలో సువాసన కోసం వేసుకునే దినుసే, ఊపిరితిత్తుల్లో చేరితే చాలా ప్రమాదం.

"మనం గుంటూరు వాళ్లం, మనకు కారం ఒక లెక్కా" అని రాశావు చూడు, అక్కడే నీతో గట్టిగా వాదించాలనిపించింది. మన గుంటూరు సన్నం కారం స్కోవిల్ కొలతలో సుమారు 35 వేల నుంచి 40 వేల దాకా ఉంటుంది. ఈ పోటీల్లో వాడే కరోలినా రీపర్ అనే మిరపకాయ సగటున 16 లక్షలు దాటుతుంది. అంటే నలభై రెట్లు. ఆవకాయ తిన్న అనుభవం అక్కడ ఎందుకూ పనికిరాదు. 2023 సెప్టెంబరులో అమెరికాలోని మసాచుసెట్స్‌లో 14 ఏళ్ల అబ్బాయి అలాంటి మిరపకాయల పొడి పూసిన ఒకే ఒక్క చిప్ తిన్నాడు. అదే రోజు చనిపోయాడు. ఆ చిప్‌ను శవపేటిక ఆకారంలో ఉన్న పెట్టెలో పెట్టి అమ్మేవారు. పెద్దలకు మాత్రమేనని దాని మీద రాసే ఉంది. మిరపకు కారాన్నిచ్చే కాప్సైసిన్ అనే రసాయనం ఎక్కువగా ఉన్న ఆ పదార్థం తిన్నాక గుండె ఆగిపోయిందని తర్వాత శవపరీక్షలో తేలింది. అతనికి పుట్టుకతోనే గుండెలో లోపం ఉందని కూడా అందులోనే ఉంది. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఆ సంగతే. మన పిల్లల్లో ఎవరి గుండెలో ఏముందో మనకేం తెలుసు?

కార్తీక్‌కు ఇష్టమన్న కొరియా నూడుల్స్ గురించీ ఒక మాట. వాటిలో మూడు రకాలను 2024 జూన్‌లో డెన్మార్క్ ప్రభుత్వం దుకాణాల నుంచి వెనక్కి తీయించింది. మరుసటి నెలలో రెండింటిని మళ్లీ అనుమతించింది గానీ, అన్నిటికన్నా కారమైనదాన్ని మాత్రం అనుమతించలేదు. పెద్దవాడు తట్టుకునే మోతాదు ముప్ఫై కిలోల పిల్లవాడి ఒంటికి ఎక్కువే అవుతుంది కదా.

ఇక వేగం. ఇడ్లీకన్నా మెత్తని తిండి మనకేముంది? పసిపిల్లలకూ జ్వరం వచ్చినవాళ్లకూ పెట్టేది అదే. 2024 ఓణం పండుగకు కేరళలోని పాలక్కాడ్ జిల్లాలో జరిగిన ఇడ్లీల పోటీలో 49 ఏళ్ల మనిషి గొంతులో ఇడ్లీ అడ్డుపడి చనిపోయాడు. మింగే క్షణంలో శ్వాసనాళం మీద మూత పడాలి. నమలకుండా ముద్ద మీద ముద్ద కుక్కుతుంటే, మధ్యలో నవ్వుతూ మాట్లాడుతుంటే, ఆ మూత సమయానికి పడకపోవచ్చు. కార్తీక్ చెల్లెలితో పందెం వేసుకుని అరటిపండ్లు మింగుతున్నాడని నువ్వు నవ్వుతూ రాశావు. దాన్ని ఈ రోజే మాన్పించరా, దయచేసి.

ఫోను లాగేసుకుంటే వాడు పక్కింటి పిల్లల ఫోనులో చూస్తాడు. అందుకే ఈ ఆదివారం వాడి పక్కన కూర్చుని ఒక వీడియో మొదటి నుంచి చివరి దాకా చూడు. తిట్టకు, పాఠం చెప్పకు. తినేవాడి ముఖం వదిలేసి గిన్నెనూ గ్లాసునూ గమనించమను. నేను మా అమ్మాయితో అలాగే చూశాను. ఎర్రటి నూడుల్స్ గిన్నె నిండుగా ఉంది. అతను రెండు ముద్దలు తిన్నాడు, చెమట తుడుచుకున్నాడు, మరుక్షణం గిన్నె సగమైంది. అంతకుముందు అడుగంటిన పాల గ్లాసు మళ్లీ నిండింది. వెనక కిటికీలో వెలుగు కూడా మారిపోయింది. "మధ్యలో ఎంతసేపు కోసేశారు నాన్నా?" అని అదే అడిగింది. ఆ తర్వాత ఏ వీడియో చూసినా కోత ఎక్కడుందో ముందు వెతుకుతోంది. కోసేసిన ఆ సమయంలో అతను ఏం చేశాడో, కక్కాడో, పడుకున్నాడో మనకు తెలియదు. కార్తీక్‌ను ఊహించి చెప్పమను. చైనాలో ఇలాంటి అతి తిండి వీడియోల మీద ఆగ్రహం ఎంతగా పెరిగిందంటే, 2021లో ఆహార వృథాకు వ్యతిరేకంగా చేసిన చట్టంలో వాటికి లక్ష యువాన్ల దాకా జరిమానా పెట్టారు.

ప్రమాదం లేని వీడియో అయినా, అందులో ఏం తింటున్నారో కూడా చూడు. ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ విశ్వవిద్యాలయం వాళ్లు 9 నుంచి 11 ఏళ్ల పిల్లలకు పేరున్న వీడియో తారలు చిరుతిళ్లతో ఉన్న చిత్రాలు చూపించారు. చూసిన పిల్లలు మామూలు చిత్రాలు చూసినవాళ్లకన్నా 26 శాతం ఎక్కువ కేలరీలు తిన్నారు. తారల చేతిలో ఆరోగ్యకరమైన తిండి ఉన్నప్పుడు మాత్రం పిల్లలు దాన్ని ఎక్కువగా తినలేదు! నాకైతే ఇది చదివి మనసు చివుక్కుమంది.

యూట్యూబ్‌లో ఒకదాని వెంట ఒకటి దానంతటదే మొదలయ్యే ఏర్పాటు ఆపేయి. చూసిన వీడియోల చరిత్ర చెరిపేస్తే కొత్తగా చూపించేవి చాలావరకు మారతాయి. వాడు నీ ఖాతాతోనే చూస్తున్నాడు కాబట్టి వయసును బట్టి అడ్డుకునే అవకాశం లేదు. వాడికి వేరే ఖాతా తెరిచి, నీ పర్యవేక్షణలో ఉండేలా పెట్టుకో.

ఒకవేళ ఇప్పటికే ఏదో ప్రయత్నించి నోరు మండి ఏడిస్తే నీళ్లు తాగించకు, కాప్సైసిన్ నీళ్లలో కరగదు. పాలు గానీ పెరుగు గానీ ఇవ్వు. ఆ చేతులతో కళ్లు నలుపుకోనివ్వకు. వాంతి చేయించాలని చూడకు. ఛాతీ నొప్పి అన్నా, ఊపిరి ఆడకపోయినా వెంటనే 108కి ఫోన్ చెయ్యి. ఇది చెల్లెమ్మకూ వినిపించు, పగలంతా ఇంట్లో ఉండేది ఆవిడే కదా.

ఆదివారం ఏ వీడియో చూడాలో కార్తీక్‌నే ఎంచుకోమను. దాని లింకు నాకూ పంపు. వాడికి ఎన్ని కోతలు దొరికాయో వాడి చేతే రాయించు, మా అమ్మాయి తన లెక్కతో సిద్ధంగా ఉంటుంది.

ప్రేమతో,
నీ శ్రీను