పులికాట్ సరస్సులో పక్షులు ఉండేది మూడు రోజులే కాదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో రాజహంసల (ఫ్లెమింగోల) ఫొటో వేసి, మా సూళ్లూరుపేటలో ఈ పక్షుల పేరుతో చేసే ఫ్లెమింగో ఫెస్టివల్‌తో పక్షుల సీజన్ అయిపోయినట్టు రాశారు. అది చదివినప్పటి నుంచి మనసు ఊరుకోవడం లేదు. ముప్పై ఏళ్లుగా శ్రీహరికోట రోడ్డు పక్కన సైకిలు ఆపి ఈ పక్షుల్ని చూస్తున్నవాణ్ని.

పండుగ మూడు రోజులే. పక్షులు మాత్రం అక్టోబరు వానలకే దిగుతాయి. దగ్గర్లోని నేలపట్టు చెరువులో నీళ్లు చేరగానే గూడబాతులు (పెలికాన్లు) నీళ్లలో పెరిగే కడప చెట్ల మీద పుల్లలు పేర్చుకుంటాయి. సంక్రాంతి దాటేసరికి పిల్లలు తలంతా తల్లి గొంతుసంచిలోకి దూర్చి చేపలు లాక్కుంటుంటాయి. ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. ఆ తర్వాత పులికాట్‌లో నీళ్లు తగ్గేకొద్దీ రాజహంసలు కాళ్లతో బురద కలియదొక్కుతూ, ముక్కు తలకిందులుగా పెట్టి నీళ్లు వడగట్టుకుంటూ బారులుగా నడుస్తాయి. మీరు అయిపోయిందన్నాకే అసలు చూడాల్సింది ఉంది.

పోయిన నెల మనవరాలిని వాచ్ టవర్ ఎక్కిద్దామని తీసుకెళ్తే తాళం వేసి ఉంది. అడిగితే, సార్లంతా పండుగ పనుల్లో ఉన్నారన్నారు. పిల్ల గంటసేపు మెట్ల మీద కూర్చుని తిరిగొచ్చింది. పక్షుల పేరుతో పండుగ చేస్తూ, పక్షుల్ని చూడ్డానికి వచ్చిన పిల్లకు తాళం చూపిస్తారా? పండుగ ఫ్లెక్సీలు చిరిగి నీళ్లలో పడితే రెండు నేనే లాగి గట్టున పడేశాను. ఎండాకాలంలో సరస్సు ఎండి ఉప్పు పేరుకున్న నేల మీద కార్లు తిప్పుతారు, ప్లాస్టిక్ గ్లాసులు పారేస్తారు. ఆపేవాళ్లు లేరు.

అన్నిటికన్నా పెద్ద బాధ నీళ్లది. రాయదొరువు దగ్గర సముద్ర ముఖద్వారం ఇసుకతో పూడితే ఉప్పునీరు రాదు, చేపా రొయ్యా రావు. జాలర్లకు వల బరువెక్కదు, పక్షులకు మేత ఉండదు. పూడిక తీయమని అక్కడి కుప్పాల (జాలరి పల్లెల) వాళ్లు ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నారు. నెల్లూరు జిల్లాలో ఉన్నప్పుడూ చూస్తామన్నారు, 2022లో తిరుపతి జిల్లాలోకి వచ్చాకా చూస్తామంటున్నారు. ఎన్నికలప్పుడు గుర్తొచ్చే సరస్సు ఆ తర్వాత ఎవరికీ గుర్తుండదు. దేశంలో చిలికా తర్వాత ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే కదా!

దయచేసి మీ విలేకరిని మార్చిలో ఒకరోజు పొద్దున్నే శ్రీహరికోట రోడ్డు మీది ఆటకానితిప్పకు పంపండి. నేనే దగ్గరుండి చూపిస్తాను. మే నెలలో ఇంకోసారి పంపి, ఆ రెండు ఫొటోలూ పక్కపక్కనే వేయండి.

– విశ్రాంత ఉపాధ్యాయుడు, సూళ్లూరుపేట