సంతకాలుంటే 1776 నాటిది కాదు

సంపాదకులకు,

2026 జులై 4తో అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు 250 ఏళ్లు. ఈ సందట్లో పాత ప్రతులు కొనాలని సరదాపడేవారు, అక్కడున్న మనవాళ్లతో సహా, బేరానికి ముందు కాగితం అడుగు భాగం చూడాలి. అక్కడ 56 సంతకాలు చేతిరాతలో ఉంటే అది 1776లో అచ్చయింది కాదు. జులై 4 రాత్రి ఫిలడెల్ఫియాలో జాన్ డన్‌లాప్ ఒకవైపే అచ్చేసిన ప్రతిలో ప్రకటన చేసిన సభ (కాంగ్రెస్) అధ్యక్షుడు హాన్‌కాక్ పేరు, కార్యదర్శి థామ్సన్ పేరు మాత్రమే, అవీ సీసపు అక్షరాల్లో ఉంటాయి. చేతిరాత ప్రతిపై సంతకాలు మొదలైంది ఆగస్టు 2న. శీర్షికలో 'ఏకగ్రీవ' అన్న మాటా తర్వాతిదే. న్యూయార్క్ జులై 9 దాకా ఊ అనలేదు మరి. డన్‌లాప్ ప్రతులు ఇప్పటికి తెలిసినవి 26.

తర్వాత కాగితం. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే దాదాపు అంగుళం ఎడంగా తీగల గీతలు కనబడాలి. అప్పటి కాగితం గుడ్డపీలికల గుజ్జుది, ఇన్నేళ్లయినా మెత్తగా వంగుతుంది. పసుప్పచ్చగా, ముడతలు పడి, కరకరలాడేది పర్యాటకుల దుకాణం సరుకు. పదిరెట్ల భూతద్దంలో అక్షరాలు చుక్కలుగా విడిపోతే అది ఆఫ్‌సెట్, అంటే ఈ కాలపు యంత్రాల అచ్చు.

సంతకాలున్న వాటికి విలువ లేదని కాదు. విలియం స్టోన్ ఆ సంతకాల ప్రతి నకలును రాగి ఫలకంపై చెక్కి 1823లో తోలుపై 200 ప్రతులు తీశాడు. వాటిలో చెక్కినవాడి పేరున్న వరుస పైఅంచున ఉంటుంది. అదే ఫలకంతో పీటర్ ఫోర్స్ 1848 నాటి తన గ్రంథం కోసం తీయించిన ప్రతులు పలచని కాగితంపై, మడతలతో ఉంటాయి. స్టోన్ పేరు కింద ఎడమ మూలకు దిగింది. ధరలో తేడా చాలా ఎక్కువ. 2006లో నాష్‌విల్‌లో పాతసామాన్ల దుకాణంలో 2.48 డాలర్లకు దొరికిన స్టోన్ ప్రతి మరుసటి ఏడాది వేలంలో 4,77,650 డాలర్లు పలికింది. ఇలాంటి వార్త విన్నాకే జనం తొందరపడతారు! ఫ్రేము విప్పి చూపనంటే బేరం వదులుకోవడమే మేలు. వెనక అట్టకు జిగురుతో అతికించి ఉండొచ్చు, అంచులు కోసేసి ఉండొచ్చు.

కొన్నాక లామినేషన్ వద్దు. చిరుగుకు సెల్లోటేపూ వద్దు. దాని జిగురు కాగితంలోకి దిగి గోధుమరంగు మరకవుతుంది, మళ్లీ వదిలించడం కష్టం. జపాన్ కాగితం, గోధుమపిండి గంజితో వేసిన అతుకైతే నీటితో ఊడొస్తుంది. ఫ్రేము అద్దం కాగితాన్ని తాకకూడదు. మన కోస్తా ఉక్కలో అయితే ముందు బూజు పట్టేది అక్కడే.

— ఒక పాఠకుడు, కాకినాడ