కవర్లు ఎందుకు ఆపానంటే

అందరికీ నమస్కారం. విజయవాడ సింగ్‌నగర్‌లో మన కర్రీ పాయింట్ నుంచి రాస్తున్నాను. రెండు నెలలుగా కౌంటరు దగ్గర అందరూ అడుగుతున్న మాట ఒకటే: "కూరలు ప్లాస్టిక్ కవర్లో ఎందుకు కట్టివ్వట్లేదు?" రద్దీలో సరిగ్గా చెప్పలేకపోయాను. ఒకరిద్దరి మీద విసుక్కున్నాను కూడా, క్షమించండి.

2024 సెప్టెంబరు 1 మనలో ఎవరూ మరిచిపోలేదు. బుడమేరు వాగుకు గండ్లు పడి నీళ్లు కాలనీల మీద పడ్డాయి. డ్రోన్లు తెచ్చే ఆహారం ప్యాకెట్ల కోసం మేడల మీద నిలబడి ఎదురుచూశాం. మా షాపులో రెండు ఫ్రిజ్‌లు, గ్రైండరు, ఏడు బియ్యం బస్తాలు పోయాయి. నీళ్లు తగ్గాక షట్టరు ఎత్తితే బురద వాసన కంటే ముందు పులిసిపోయిన బియ్యం కంపు కొట్టింది. ఆ వాసన నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది.

ఆ తర్వాతే మన వీధివాళ్లం నెలకో ఆదివారం షాపు ముందు కుర్చీలు వేసుకుని వరదలు, వాతావరణ మార్పు గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టాం. మొదటిసారి తొమ్మిది మంది వచ్చారు. పోయిన నెల కుర్చీలు చాలక పక్కింటి నుంచి తెచ్చుకున్నాం. "2005లోనూ బుడమేరు వచ్చింది. అప్పుడు కూడా వాతావరణ మార్పేనా?" అని ఒక పెద్దాయన గట్టిగానే అడిగారు. రోజూ మన దగ్గర పప్పు తీసుకెళ్లే ఫిజిక్స్ లెక్చరర్ గారు జవాబిచ్చారు. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదట. అందుకే కురిసినప్పుడు ఒక్కసారిగా కుండపోతగా కురిసే వానలు పెరుగుతున్నాయి. వరదలు వెనకటి నుంచీ ఉన్నా, ఇప్పుడు వాటి వెనక ఈ బలం కూడా తోడైందన్నమాట. కట్టలు, గేట్లు, ఆక్రమణల సంగతి ప్రభుత్వమే చూడాలి. దానికి అర్జీ రాసి, సంతకాలు పెట్టి ఇచ్చాం. జవాబు వచ్చేదాకా మళ్లీ మళ్లీ వెళ్తాం.

మూడోసారి కలిసినప్పుడు మాటలతో ఆగకుండా మన సందు సైడు కాలువలో పూడిక తీశాం. పారకి మట్టి కంటే కవర్లే ఎక్కువ తగిలాయి. ఒకటి చేతిలోకి తీసుకున్నాను. పసుపు రంగు ఇంకా పోలేదు, మూతికి ఎర్ర దారం రెండు చుట్లు చుట్టి ముడి వేసి ఉంది. ఆ ముడి మాదే. ఈ సందులో ఎర్ర దారంతో కట్టేది మా షాపొక్కటే. బుడమేరు పొంగింది నా కవర్ల వల్ల కాదని నాకూ తెలుసు. కానీ వచ్చిన నీళ్లు బయటకు పోయే దారిలో అవి అడ్డంగా ఉన్నాయి. రోజుకి 300 కవర్లు వాడేవాళ్లం. 120 మైక్రాన్ల కంటే పల్చటి ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు 2022 డిసెంబరు 31 నుంచే నిషేధం. అది తెలిసి కూడా, అందరూ ఇస్తున్నారు కదా అని పల్చటి సంచుల్లో పెట్టి ఇచ్చాను. పొగలు కక్కే సాంబారు పల్చటి కవర్లో పోసి పిల్లలు తినే ఇంటికి పంపడం కూడా తప్పే.

ఇప్పుడు బాక్సు తెచ్చుకుంటే కూరకి 2 రూపాయలు తగ్గిస్తాం. మర్చిపోతే 100 రూపాయలు డిపాజిట్ మీద స్టీలు బాక్సు ఇస్తాం, తిరిగి ఇవ్వగానే డబ్బు వాపసు. 40 బాక్సులు కొంటే 31 తిరిగొచ్చాయి. మిగిలినవి ఎవరి దగ్గరున్నా దయచేసి తెచ్చివ్వండి. ఆఫీసు నుంచి ఖాళీ చేతులతో వచ్చేవాళ్లు తగ్గిపోయారు, సాయంత్రం బేరం బాగా పడిపోయింది. నెలాఖరుకి అద్దె కట్టడానికి టెన్షన్ పడ్డాను. అయినా మళ్లీ కవర్లు తేను.

వచ్చే ఆదివారం ఎండ గురించి కూర్చుంటున్నాం. మా వంటగది పైకప్పు రేకులే. ఏప్రిల్‌లో పొయ్యి దగ్గర నిలబడే అక్కలకి మధ్యాహ్నమయ్యేసరికి కళ్లు తిరుగుతాయి. అందుకే సగం రేకుకి తెల్ల సున్నం వేయించాను, సగం అలాగే ఉంచాను. ఎండ వేడి రేకు మీద ఉండగానే చూడాలి కాబట్టి ఈసారి 5 గంటలకి కాదు, 3 గంటలకే రండి. లోపలికి వచ్చి రెండు వైపులా కాసేపు నిలబడి చూడండి. మజ్జిగ మాది, గ్లాసు మీరు తెచ్చుకోండి.