థామ్సన్ రోడ్డు రేసులను మరచిపోనివ్వకండి

సింగపూర్ జాతీయ వారసత్వ మండలి అధ్యక్షుల వారికి నమస్కారం.

ఫార్ములా వన్ కార్ల రేసు మన మెరీనా బేకి 2008లో వచ్చింది. అంతకు చాలా ముందే, 1961 నుంచి 1973 దాకా, ఓల్డ్ అప్పర్ థామ్సన్ రోడ్డు మీద ఏటా గ్రాండ్ ప్రి అనే పెద్ద రేసు జరిగేది. మామూలు రోడ్డునే మూసేసి, చుట్టుకి దాదాపు 4.8 కిలోమీటర్లు. 'స్నేక్స్' అనే మెలికల మలుపులు దాటగానే 'డెవిల్స్ బెండ్'. అంచునే చెట్లు, వాననీటి కాలువలు, దీపస్తంభాలు. చినుకు పడితే డ్రైవర్లకు ఎంత టెన్షనో! న్యూజిలాండ్ డ్రైవర్ గ్రేమ్ లారెన్స్ వరసగా మూడేళ్లు గెలిచింది ఇక్కడే. 1972లోనూ 1973లోనూ డ్రైవర్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ తర్వాత పోటీలు ఆపేశారు, ఆపడం సరైనదే.

ఆ రేసులు కళ్లారా చూసినవాళ్లు ఇప్పుడు పెద్దవాళ్లయ్యారు. వాళ్లుండగానే మరిన్ని జ్ఞాపకాలు రికార్డు చేయించండి. చనిపోయిన డ్రైవర్లందరి పేర్లూ ఆ దారిలో కనబడేలా రాయించండి.

ఇట్లు,
సింగపూర్‌లో ఉంటున్న ఒక తెలుగు రేసు అభిమాని